ప్లాట్‌ఫారం మీద మిరప కల్లం

రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి కనబడితే మీ వయసు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "యాక్సిడెంట్లు ఏమన్నా చూశారా తాతా?" అని. చూడలేదు నాయనా. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా కళ్ల ముందు పట్టాలు తప్పింది ఒక్కటే, అది బండి కాదు. ఒక పెద్ద ఆఫీసరు గట్టిగా అనుకుని వచ్చిన నిర్ణయం. దాన్ని తప్పించినవి మిరపకాయలు. ఆ సంగతే చెబుతాను.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది వరంగల్ బజారులో మిర్చి దుకాణం. తాత, పెదనాన్న, నాన్న అందరూ మిరప బస్తాలకు ఆనుకుని నిద్రపోగలిగినవాళ్లు. నేను మాత్రం ఆ ఇంట్లో పొరపాటున పుట్టాను. ఘాటు తగిలితే చాలు, ఒకదాని వెనక ఒకటి తుమ్ములు, కళ్లు వాచిపోవడం. గల్లా దగ్గర కూర్చోబెడితే బేరం సగంలో తుమ్మేవాణ్ణి. అది అపశకునమని వచ్చినవాళ్లు బస్తా అక్కడే వదిలేసి పక్క దుకాణానికి పోయేవారు. "నువ్వు దుకాణం మూపిచ్చెదాక ఊకోవురా" అని నాన్న తల పట్టుకునేవాడు. మెట్రిక్ పాసు కాగానే రైల్వే పరీక్ష రాయమని చెప్పింది కూడా ఆయనే. బొగ్గు పొగ నాకు హాయిగా పడింది. ఈ జన్మకు మిరపకాయతో సంబంధం తెగిపోయిందని సంబరపడ్డాను.

అరవైలు మొదలైన కొత్తలో నన్ను స్టేషన్ మాస్టరుగా ఒక చిన్న స్టేషన్లో వేశారు. వరంగల్ దాటి బెజవాడ వైపు పోయే లైనులో, వర్ధన్నపేట సంతకు ఎడ్లబండి కట్టుకుని పోయి రాగలిగినంత దూరంలో ఉండేది. ఊరు ఒక పక్కన, స్టేషన్ ఒక పక్కన, మధ్యలో నల్లరేగడి చేలు. పెంకుల కప్పు, ఒక ఆఫీసు గది, దానికే టికెట్ల కిటికీ, ఒక బావి, రెండు క్వార్టర్లు. ప్లాట్‌ఫారం అంటే మీరు అనుకునే సిమెంటుది కాదు, ఎర్ర మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టింది. పొద్దున ఒక ప్యాసింజరు, సాయంత్రం ఒక ప్యాసింజరు ఆగేవి. మిగిలిన బళ్లు మమ్మల్ని చూడనట్టే పోయేవి.

ఆ రోజుల్లో అక్కడ ఒక్కటే లైను. ఎదురెదురుగా వచ్చే బళ్లలో ఒకదాన్ని పక్క లైనులో ఆపి రెండోదాన్ని పంపాలి. అట్లా ఆపడానికే నిజాం కాలంలో అక్కడ స్టేషన్ కట్టారు. ఇది కాగితాల్లో ఉన్న చరిత్ర. మా పాయింట్స్‌మన్ చెప్పే చరిత్ర వేరు. బళ్లను ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పని ఆయనది. నిజాం రైల్వేలో చేరి, రాజ్యం మారినా నీలం చొక్కా మార్చని పెద్దమనిషి. ఊరంతా చాచా అని పిలిచేది, నేనూ అట్లాగే పిలిచాను. స్టేషన్ ఎట్లా పుట్టిందని అడిగితే చాచా ఒకరోజు, "ఒక తెల్లదొర ఇక్కడ మామిడిపండ్లు మస్తు తిన్నడు సాబ్. కడుపు ఆగలేదు. బండి ఆపిచ్చిండు. ఆగిన కాడ టేషన్ కట్టిన్రు" అనేవాడు. ఇంకోరోజు అదే ప్రశ్నకు దొర పోయి నవాబు వచ్చేవాడు, మామిడిపండ్లు పోయి పులి వచ్చేది. ఏది నిజం చాచా అంటే, "మీకు ఏది నచ్చితే గది" అని బీడీ ముట్టించేవాడు.

ఆయన చెప్పిన వాటిలో నిజమని నేను నమ్మింది ఒక్కటే. ఆఫీసు పక్కన ఎప్పుడూ తాళం వేసి ఉండే గది ఒకటి ఉండేది. ఊరిని ఏలిన దొరల గడీలోని దొరసానులు రైలెక్కడానికి వస్తే పరదా చాటున కూర్చోవడానికి కట్టిన జనానా గది. దొరలు పోయారు, పరదాలు పోయాయి, గది మిగిలింది. తాళంచెవి చాచా మొలతాడుకు ఉండేది.

నేను చేరింది వానాకాలంలో. చుట్టూ పచ్చగా, చల్లగా ఉంది. ఇంత ప్రశాంతమైన ఉద్యోగం ఇంకెక్కడా దొరకదని అమ్మకు చెప్పాను కూడా. చలి వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం ప్యాసింజరును పంపించి, క్వార్టరుకు పోయి స్నానం చేసి తిరిగి వచ్చేసరికి, ప్లాట్‌ఫారం మీద ఒక ముసలమ్మ వంగి పేడనీళ్లతో అలుకుతోంది. వెనక ఇంకా కొంతమంది ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెస్తున్నారు. సగం ప్లాట్‌ఫారం అప్పటికే పచ్చగా మెరుస్తోంది.

"ఏం చేస్తున్నవవ్వా?" అన్నాను.

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా? అలుకుతాన."

"ఇది రైల్వే ప్లాట్‌ఫారం."

"ఎరికే. అందుకే అలుకుతాన. నా వాకిలి గింత సాపుగుంటదా?"

"ఎందుకు అలుకుతున్నవు మరి?"

"రేపు కాయ వస్తది. ఎండవోయాలె."

"ఏం కాయ?"

ఆమె నడుము ఎత్తి నన్ను కిందినుంచి మీది దాకా చూసింది. "మిర్పకాయ. వరంగల్ల మిర్చి సేటు కొడుకువట గద. గది గుడ తెల్వదా?"

నాకు అక్కడికక్కడే తుమ్ము వచ్చింది. కాయ ఇంకా రాలేదు, పేరు వినగానే వచ్చింది.

ఆమెను ఊళ్లో పెద్దవ్వ అనేవాళ్లు. భర్త పోయినా తన రెండెకరాలు తానే చేయించుకునేది. ఊళ్లో ఏ ఇంటి మిరపతోట ఎప్పుడు ఏరాలో, ఎవరి కాయ ఎక్కడ పోయాలో ఆమె చెప్పినట్టే నడిచేది. నేను చాచాను పట్టుకుని గట్టిగా అడిగాను. ఆయన ఏ మాత్రం కంగారు పడలేదు.

"ఏటేటా గిట్లనే మాస్టర్‌సాబ్. ఊరంత నల్లరేగడి. పగుళ్లల్ల సగం కాయ పోతది, నెమ్ముకు మిగిలింది కుళ్లుతది. గింత గట్టి మొరం జాగ సుట్టుపక్కల ఇదొక్కటే."

"రూల్సు ఒప్పుకోవు చాచా."

"రూల్సు రాసినోళ్లు గుడ కారం తినేటోళ్లే గద సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ చేశాను. సున్నంతో ప్లాట్‌ఫారం పొడుగునా ఒక గీత గీయించి, రైలు వైపు ప్రయాణికులకు, గోడ వైపు మిరపకాయలకు అని హుకుం జారీ చేశాను. మర్నాటికి పెద్దవ్వ ఆ గీత పక్కనే ముగ్గు వేసింది. "ఉత్త గీత మంచిగ అనిపిస్తలేదు బిడ్డా" అంది.

కాయ వచ్చింది. గోడ వైపంతా ఎర్రగా పరుచుకుంది. నేను ముక్కుకు తువ్వాలు కట్టుకుని టికెట్లు అమ్మాను. "ఎక్కడికి?" అని నేనడిగింది అర్థంకాక జనం రెండుసార్లు అడిగించుకునేవారు, రెండోసారి తుమ్మి అడిగేవాణ్ణి. గార్డులు దిగి ఒక పిడికెడు జేబులో వేసుకునేవారు. ఇంజను డ్రైవర్లు నాలుగు కాయలు వేయమని తమ టిఫిను డబ్బాలు చూపించి నవ్వేవారు. ఆగని బళ్లు జోరుగా పోతే గాలికి కాయలు ఎగిరి పట్టాల మీద పడేవి. దానికీ ఆ ఆడవాళ్లు ఉపాయం కనిపెట్టారు. నేను సిగ్నల్ రెక్క దించగానే, "రెక్క వడ్డది, కప్పుండ్రే" అని ఒకామె కేకేసేది. పాత చీరలు, పంచెలు కాయల మీద పరుచుకునేవి. బండి పోయాక మళ్లీ తీసేవారు. మా స్టేషన్లో సిగ్నల్‌ను అంత శ్రద్ధగా గమనించిన వాళ్లు ఇంకెవరూ లేరు, నాతో సహా.

ఒకరోజు సాయంత్రపు ప్యాసింజరు ఎదురుబండి కోసం పక్క లైనులో ఆగి ఉంది. కాలం కాని కాలంలో పడమట నల్లగా మబ్బు లేచింది. ఆరబోసిన కాయ తడిస్తే ఇంకేమీ మిగలదు, నల్లబడిపోతుంది. ఉన్న ఆడవాళ్లు ఎంత ఉరికినా సగం కూడా ఎత్తలేరు. పెద్దవ్వ మబ్బు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది, అంతే. నేను తువ్వాలు బిగించి కట్టుకుని చాట అందుకున్నాను. చాచా అందుకున్నాడు. కిటికీల్లోంచి చూస్తున్న ప్రయాణికులు ఒక్కొక్కరే దిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న బడిపంతులు ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఎత్తాడు. గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని తట్ట మోశాడు. ఎదురుబండి వచ్చి పోయింది. ప్యాసింజరు మాత్రం కదల్లేదు, ఎందుకంటే అందులో ఎవరూ లేరు.

కంట్రోలు నుంచి ఫోను. "బండి ఎందుకు ఆపావు?"

"ప్రయాణికులు ఎక్కుతున్నారు సార్."

"నీ స్టేషన్లో ఎక్కేదెవరయ్యా?"

"అందరూ సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆ రాత్రంతా నా కళ్లు తెరిపిళ్లు పడలేదు. మర్నాడు పెద్దవ్వ ఒక గిన్నె తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టింది. మూత తీస్తే పప్పు. ఒక్క మిరపకాయ కూడా లేదు. "నీ కోసం సప్పిడిగ వండిన. ఎట్ల తింటవో ఏమో" అంది నా బతుకు మీద జాలిపడుతూ. ఆ తర్వాత వారంలో రెండు మూడుసార్లు ఆ గిన్నె వచ్చేది.

మరుసటి ఏడు మళ్లీ కల్లం నడుస్తుండగా మా ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ లైనులోని చిన్న స్టేషన్లన్నిటి మీదా అజమాయిషీ ఆయనది. కృష్ణా జిల్లా మనిషి, నేనంటే అభిమానం. తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"నీకో మంచి కబురయ్యా. రెండో లైను పడుతోంది కదా. అది పూర్తయితే బళ్లు ఒకదాని కోసం ఇంకోటి ఆగక్కర్లేదు. ఇక ఈ స్టేషన్ దేనికి? మూసేస్తారు. హెడ్డాఫీసు నుంచి పెద్దసాబ్ స్పెషల్ బండిలో వస్తున్నాడు. ఓసారి చూశాననిపించి రాసేస్తాడు. నిన్ను కాజీపేటకి అడిగాను."

"ప్యాసింజరు ఆగుతుందా సార్?"

"ఎక్కేవాళ్లెవరున్నారయ్యా ఆగడానికి? ఇప్పుడే ఎవరికీ చెప్పకు. ఊరంతా అర్జీలు పట్టుకుని మీద పడితే ఆయనకు చిరాకు. ఆ మిరపకాయలు ఒక్కటి కూడా కనపడకూడదు."

సంతోషించాను. కాజీపేట అంటే పెద్ద జంక్షను. ఇంటికి సైకిలు మీద పోవచ్చు. పైగా అమ్మ నాకు సంబంధాలు వెతుకుతోంది. చేల మధ్య ఒంటరి స్టేషన్లో ఉద్యోగమని తెలియగానే పిల్ల తండ్రులు మంచినీళ్లు తాగి లేచిపోతున్నారు. అన్నీ ఒక్కసారే కుదురుతున్నాయనిపించింది. కానీ సాయంత్రం ప్యాసింజరుకు ఊళ్లోంచి ఒక జ్వరం మనిషిని మంచం మీద మోసుకొచ్చి వరంగల్ దవాఖానకు ఎక్కించారు. వానల్లో ఆ బండిబాటన మోకాలిలోతు బురద. రైలు ఆగకపోతే వీళ్లు ఎట్లా పోతారన్న ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనను అటూ ఇటూ తిప్పి, నా చేతిలో ఏముంది అనుకుని పడుకున్నాను.

మర్నాడు పెద్దవ్వకు చెప్పాను, పెద్దసారు వస్తున్నాడు, ఒక్క పూట ప్లాట్‌ఫారం ఖాళీ చేయాలని.

"ఎందుకు వస్తాండు?"

"టేషన్ చూడనీకి."

"చూసి?"

"చూసి పోతాడు."

"చూసుకోనీ పాపం" అని ఒప్పుకుంది. అయితే కాయ ఇంకా పూర్తిగా ఎండలేదు, ఇంటికి చేర్చే తీరిక లేదు. చాచా మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. జనానా గది నిండా, కిటికీ అంచు దాకా కాయ పోసి తలుపు నెట్టి తాళం వేశారు. కాయ నింపి వరంగల్‌కు కట్టిన ఎడ్లబళ్లను స్టేషన్ వెనక తుమ్మచెట్ల చాటుకు తోలించాను. ప్లాట్‌ఫారాన్ని పెద్దవ్వ మళ్లీ ఒకసారి అలికింది. "సారు పాదం వెట్టే జాగ గద" అంది.

స్పెషల్ వచ్చేసరికి ఎండ నెత్తిమీద ఉంది. తెల్లటి బట్టల్లో పెద్దసాబ్ దిగాడు. ఉత్తరాది మనిషి, ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. వెనక కాగితాల క్లర్కు, మా ఇన్‌స్పెక్టర్. పెద్దసాబ్ రెండడుగులు వేసి కిందికి చూశాడు.

"ఇంత నున్నగా ఉందేమిటి?"

"దుమ్ము లేవకుండా సార్" అన్నాను. ఇన్‌స్పెక్టర్ ఆకాశం వైపు చూశాడు.

"బాగుంది" అన్నాడు పెద్దసాబ్. చుట్టూ చూశాడు. మనిషి లేడు, మూట లేదు. గోడ నీడన ఒక కుక్క పడుకుని ఉంది. అది కూడా లేవలేదు. నేను ఎంత చక్కగా శుభ్రం చేయించానో అంత చక్కగా ఆ స్టేషన్ ఎవరికీ అక్కరలేనట్టు కనబడుతోంది. ఆయన క్లర్కుకు చెప్పడం మొదలుపెట్టాడు. రద్దీ లేదు, సరుకు లేదు, స్టేషన్ అవసరం లేదు. క్లర్కు కలం గరగర రాస్తోంది. అయిపోయిందనుకున్నాం. ఆయన పెట్టెలోకి ఎక్కబోతూ ఆగాడు.

"ఆ గది ఏమిటి?"

"జనానా గది సార్. వాడకంలో లేదు."

"తెరవండి. చూద్దాం."

చాచా తాళంచెవి వెతకడం మొదలుపెట్టాడు. జేబులో లేదు. తలపాగాలో లేదు. చివరికి అది ఎప్పుడూ ఉండే మొలతాడు దగ్గరే దొరికినప్పుడు ఆయనే చాలా ఆశ్చర్యపోయాడు. తాళం తీశాడు. తలుపు తోయాల్సిన పని పడలేదు, అదే తెరుచుకుంది.

మిరపకాయలు మొదట పెద్దసాబ్ బూట్ల మీదికి వచ్చాయి. ఆ వెనకే, మూసిన గదిలో ఎండకు ఉడికిన ఘాటంతా ఒక్కసారి వచ్చింది. మొదటి తుమ్ము నాదే, అలవాటున్నవాణ్ణి. తర్వాత క్లర్కు కాగితాలు వదిలేశాడు. ఇన్‌స్పెక్టర్ గోడ పట్టుకున్నాడు. పెద్దసాబ్ తుమ్మిన తుమ్ముకు కుక్క లేచి చేలల్లోకి పోయింది. ఒకదాని తర్వాత ఒకటి, ఆయన ఆగకుండా తుమ్మాడు. కళ్ల నుంచి ధారలు. చేతిరుమాలు సరిపోక టోపీ అడ్డం పెట్టుకున్నాడు. చాచా ఒక్కడే ఏమీ కానట్టు నిలబడి, "సాబ్‌కు జర కుర్చీ" అన్నాడు.

స్టేషన్ వెనక నుంచి పెద్దవ్వ ఒక చెంబుతో వచ్చింది. "కండ్లు నలుపకు బిడ్డా, ఇంకింత మండుతయ్. ముందుగాల గీ సల్ల తాగు." ఆయనకు మాట తెలియకపోయినా చెంబు తెలిసింది. మజ్జిగ గడగడా తాగాడు. కాస్త తేరుకుని, "ఇవి ఎవరివి?" అని అడిగాడు.

"ఊరివి సార్" అన్నాను.

"ఇక్కడెందుకున్నాయి? స్టేషన్ మూసేస్తున్నామని వీళ్లకు తెలియదా?"

ఆ మాట ఆయన హిందీలో అన్నాడు. ఆ హిందీ పెద్దవ్వకు అర్థమయ్యేంత ఉర్దూ మా వైపు అందరికీ వస్తుంది. ఆమె నా వైపు తిరిగింది.

"మూసేత్తరా? నీకు ఎరికేనా?"

నేను తల వంచుకున్నాను. ఆమె పెద్దసాబ్ ముందుకు పోయి నిలబడింది.

"మూసుకో బిడ్డా. నీ రైలు, నీ పట్టాలు, నీ ఇష్టం. గని ఒక్క మాట చెప్పు. మా కాయ ఎండుతందుకు నీ టేషన్ గావాలె. మేం దవాఖానకు పోతందుకు నీ బండి గావాలె. ఎండిన కాయను మాత్రం నీ బండి ఎందుకు ఎక్కిచ్చుకోదు? ఎడ్ల నడుములు వడిపోంగ వరంగల్ దాక మేమే తోలుకపోతానం. నీ ఖాళీ డబ్బాలు మా ముందట్నుంచే గడగడ ఉరుకుతయ్. ఖాళీ డబ్బాలు ఉరికిచ్చుకుంట సరుకు లేదని టేషన్ మూసేటోనివి, ఏ తల్లి కన్నదో గని, నీకు దుకాణం ఒప్పజెప్తె నాలుగొద్దులల్ల దివాలా తీత్తవ్."

పెద్దసాబ్ చాచా వైపు చూశాడు. చాచా చేతులు కట్టుకుని ఉర్దూలో విన్నవించాడు. "హుజూర్ రావడం మా అదృష్టమంటోంది. హుజూర్ పిల్లలు చల్లగా ఉండాలని దువా చేస్తోంది."

"ఇంతసేపు మాట్లాడింది. అంతేనా?"

"తెలుగు జర పొడుగు భాష హుజూర్."

పెద్దసాబ్ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఏమంది?"

ఆయన వెనక ఇన్‌స్పెక్టర్ నాకు కళ్లతో ఎంత చెప్పాలో అంతా చెబుతున్నాడు. ఒక్క 'అవును సార్' చాలు. కాజీపేట, సైకిలు, సంబంధాలు, అన్నీ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. పెద్దవ్వ నా వైపు చూడటం లేదు. చెంబు పట్టుకుని చేల వైపు చూస్తోంది.

నేను మొత్తం చెప్పాను. ఇంగ్లీషులో, ఒకటి తర్వాత ఒకటి, మధ్య మధ్య తుమ్ముతూ. తల్లి ప్రస్తావన ఒక్కటి వదిలేశాను. దివాలా మాట వదల్లేదు. దుకాణంలో పుట్టినవాణ్ణి, అందులో న్యాయం ఉందని నాకు తెలుసు.

పెద్దసాబ్ ఇన్‌స్పెక్టర్ను అడిగాడు. "ఇక్కడ సరుకు బుకింగు ఎందుకు లేదు?"

"ఎవరూ అడగలేదు సార్."

"ఇప్పుడు అడిగింది కదా. ఆ ఎడ్లబళ్లు ఎక్కడున్నాయి?"

ఆ ప్రశ్నకు నా జవాబు అక్కర్లేకపోయింది. తుమ్మచెట్ల వెనక ఒక ఎద్దు గంట మోగించింది. ఆయన అటు నడిచాడు. బండి వెనక బండి, అన్నీ మిరప బస్తాలే, బాట మలుపు దాకా. ఆయన వాటి పక్కనుంచి చివరి దాకా పోయి, తిరిగి వచ్చాడు. బండివాళ్లను ఒకరిద్దరిని చాచా ద్వారా ప్రశ్నలడిగాడు. ఈసారి చాచా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, నేను పక్కనే నిలబడి విన్నాను.

"రాసింది కొట్టెయ్" అన్నాడు పెద్దసాబ్ క్లర్కుతో. "రెండో లైను పడ్డా ఈ స్టేషన్ ఉంటుంది. వచ్చే పంట నుంచి సరుకు తీసుకుని చూద్దాం." పెట్టె మెట్టు మీద కాలు పెట్టి నన్ను పిలిచాడు. "సరుకు మొదలైతే ఇక్కడ తెలిసిన మనిషి ఉండాలి. ప్లాట్‌ఫారానికి పేడ అలికించిన స్టేషన్ మాస్టరు నాకు ఇంకొకడు దొరకడు. నువ్వు ఇక్కడే ఉండు."

ఆ విధంగా నా కాజీపేట అక్కడికక్కడే రద్దయింది. బండి కదులుతుంటే ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. స్పెషల్ కనుమరుగయ్యే దాకా ఆ తల ఊగింది.

పెద్దవ్వ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. కాయ తెచ్చేది, పోసేది, తెల్లబడ్డ తాలుకాయ ఏరేది, నేను ఎదురుపడితే చీర కొంగు సర్దుకుని పక్కకు పోయేది. చాచాతో మొరపెట్టుకున్నాను.

"అక్క కోపం పచ్చికాయ లెక్క సాబ్. నాలుగొద్దులు ఎండనీయుండ్రి."

"ఎండితే కారం తగ్గుతుందా చాచా, ఇంకా పెరుగుతుంది కదా."

ఆయన ఆలోచించి, "గది గుడ నిజమే" అని బీడీ ముట్టించాడు. చివరికి ఒక మధ్యాహ్నం చప్పిడి పప్పు గిన్నె మళ్లీ బల్ల మీదికి వచ్చింది. "కడుపుల వెట్టుకునుడు గాదు బిడ్డా, ముందుగాల చెప్పాలె. చెప్తె నేను గా గది నింపకపోదును" అంది.

"నింపకపోతే టేషన్ పోయేదవ్వా" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. దాంతో సరిపోయింది.

మాట ప్రకారం మరుసటి పంటకు సరుకు తీసుకోమని ఆర్డరు వచ్చింది. దాంతోపాటే ఇంకో కాగితం వచ్చింది, సరుకు ఎక్కించే స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఏదీ ఆరబోయరాదని. నేనూ చాచా కూర్చుని ఆ కాగితాన్ని అటూ ఇటూ చదివాం. అందులో ప్లాట్‌ఫారం అని ఉంది గాని, స్టేషన్ పక్క ఖాళీ జాగా అని లేదు. రెండో లైను పనికి తెచ్చిన మొరం కుప్పలు మిగిలిపోయి పక్కనే ఉన్నాయి. పనివాళ్ల మేస్త్రీ చాచాకు దోస్తు. వారం తిరక్కుండా దిమ్మిస కొట్టిన కొత్త కల్లం తయారైంది. పెద్దవ్వ దాని మీద నడిచి చూసి, "పాతదే మంచిగుండె" అంది.

మొదటి వ్యాగను వచ్చిన రోజు ఊరంతా స్టేషన్లో ఉంది. బస్తాలు ఎక్కించి, తలుపు మూసి సీలు వేశాం. మధ్యాహ్నం గూడ్సు బండి వచ్చి దాన్ని తగిలించుకుని పోయింది. జనం పలచబడ్డారు. పెద్దవ్వ మాత్రం పోకుండా టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసింది.

"నాకు గుడ ఒకటియ్యి."

"ఎక్కడికవ్వా?"

"కాయ యాడికి పోతే ఆడికి. వరంగల్‌కు. గా డబ్బాల ఏస్కపోయి ఏం జేత్తరో చూడొద్దా? నేను ముందట లేకపోతే తూకం దగ్గర ఎవడు మాట్లాడుతడు?"

టికెట్టు చేతిలో పెట్టాక దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. అప్పుడు చెప్పింది, తాను ఇంతవరకూ రైలు ఎక్కలేదని. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ స్టేషన్ కట్టే చోట తల్లితో పాటు మొరం తట్టలు మోసిందట. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా బండ్లు వచ్చుడు, పోవుడు చూసింది గాని, తనకు పోయే పని పడలేదట. చాచా కూడా ఆ మాట మొదటిసారే విన్నాడు. బీడీ పారేసి, "అక్కా, గీ టేషన్ ఎట్ల పుట్టిందో నన్నెందుకు అడుగుతరు మరి, నిన్ను అడగక?" అన్నాడు.

"నన్నెవ్వలు అడగలే" అంది.

సాయంత్రపు ప్యాసింజరు వచ్చింది. చాచా ఆమెను చెయ్యి పట్టుకుని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పక్కనున్న వాళ్లకు అప్పజెప్పాడు. నేను పచ్చజెండా ఊపాను. బండి మెల్లగా కదిలింది. కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని ఆమె మమ్మల్ని, గోడను, బావిని, కొత్త కల్లాన్ని చూస్తోంది. ఒక్కసారిగా ఆమె ముఖం మారింది.

"సారూ," అని అరిచింది, "టేషన్ పోతాంది."

"పోదవ్వా" అన్నాను బండి వెంట నాలుగడుగులు నడుస్తూ. "ఈడనే ఉంటది. పోయేది నువ్వు."